వంకర పీట

మా ఇంట్లో దేవుడి గది ముందు ఒక పీట ఉంది. దాని మీద కూర్చుంటే కొంచెం ఎడమవైపుకి ఒరుగుతుంది. వ్రతానికో పేరంటానికో వచ్చినవాళ్ళు కూర్చోగానే "ఏమండోయ్, మీ పీట ఊగుతోంది" అంటారు. మా ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. నేను ఊరుకోను. "అది మావాడు చేసిన పీటండీ" అని చెప్పేదాకా నాకు తోచదు.

ఈ ఏడాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు అడిగితే, శనివారాలు నేను పాఠం చెప్పే రెండో తరగతి పిల్లల గురించి రాద్దామని కూర్చున్నాను. ఏం రాయబోయినా ఆ పీటే అడ్డొచ్చింది. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళలో, మన గరాజుల్లో పిల్లల చేత చెక్కపని చేయించాలి. చేయించడమంటే మనం చేసి వాళ్ళ పేరు పెట్టడం కాదు. వాళ్ళే కొయ్యాలి, వాళ్ళే మేకు కొట్టాలి. అది వంకరగా వస్తే వంకరగానే ఇంట్లో పెట్టుకోవాలి. తెలుగు బడి పత్రికలో ఈ వడ్రంగం గోలేమిటి అనుకుంటున్నారేమో. కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తున్నాను.

ఇరవై అయిదుకి ఇరవై రెండు

నేను ఇంజనీరునే. చేతిలో పట్టా ఉంది. మొదటి సంవత్సరంలో మాకు వర్క్‌షాప్ అని ఒక ల్యాబు ఉండేది. కార్పెంటరీ, ఫిట్టింగు, రేకు పని, కొలిమి పని, అన్నీ తలా కొన్ని వారాలు. కార్పెంటరీలో మాకిచ్చిన మొదటి పని హాఫ్ ల్యాప్ జాయింటు. రెండు చెక్కల్లో సగం సగం మందం తీసేసి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టాలి. వినడానికి ఇంతే. నా చెక్కలు కూర్చోలేదు. ఒకటి వదులు, ఒకటి బిగువు. గంట కొట్టే వేళకి, షాపులో పనిచేసే పెద్దాయన ఒకాయన నా చేతిలోంచి ఉలి తీసుకుని, నాలుగు దెబ్బల్లో సరిచేసి ఇచ్చారు. మా బ్యాచిలో చాలామందికి ఆయనే చేసి పెట్టారు. మేము టీ డబ్బులు ఇచ్చాం. నాకు ఇరవై అయిదుకి ఇరవై రెండు మార్కులొచ్చాయి. ఆ ఇరవై రెండూ ఆయనవి. రికార్డులో బొమ్మ మాత్రం నాది, అదీ సీనియర్ రికార్డు చూసి వేసింది.

అసలు నాకు ఆ పని మీద ఇష్టం లేక కాదు. మా ఊళ్ళో వడ్రంగి తాత ఉండేవాడు. ఊరందరికీ ఆయన వడ్రంగి తాతే. పాక ముందు చింతచెట్టు కింద బండి చక్రాలు, నాగళ్ళు, ద్వారబంధాలు. కోతలయ్యాక కల్లం దగ్గర రైతులు ఆయనకి మేర కొలిచి ఇచ్చేవారు. బడి నుంచి వస్తూ నేను అక్కడ ఆగిపోయేవాణ్ణి. ఆయన చిత్రిక పడుతుంటే చెక్కలోంచి పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుంటూ లేచేది. ఆ ఉంగరాలు వేళ్ళకి తొడుక్కుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఓ రోజు నాన్నగారు చూశారు. "సరిగ్గా చదవకపోతే నీకూ రంపమే గతి" అన్నారు. ఆ తరవాత నేను అక్కడ ఆగలేదు.

నాన్నగారిని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఈ మాట అన్నవాళ్ళే. చదువుకున్నవాడు చెమట పట్టే పని చెయ్యకూడదని, ఏ పని ఎవరిదో పుట్టుకతోనే రాసి పెట్టి ఉంటుందని మనకి నేర్పారు. ఆవకాయ సీసాలతో పాటు ఈ నమ్మకాన్ని కూడా మనం సూట్‌కేసులో సర్దుకుని ఇక్కడికి తెచ్చుకున్నాం. మన షోకేసుల్లో కొండపల్లి బొమ్మలుంటాయి, ఏటికొప్పాక లక్క బొమ్మలుంటాయి. వచ్చినవాళ్ళకి చూపిస్తాం. కొండపల్లి బొమ్మ తేలికైన తెల్లపొణికి చెక్కతో చేస్తారని, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన ముద్దతో దాని చేతులూ కాళ్ళూ అతికిస్తారని పిల్లలకి ఎంతమందిమి చెబుతాం? ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రని తిప్పుతూ, ఆ వేడికి కరిగే లక్కరంగు అద్దితే వచ్చిందని? బొమ్మ మనదంటాం, దాన్ని చేసిన చెయ్యి ఊసెత్తం.

అది నీ కారు నాన్నా

మావాడు మూడో తరగతిలో ఉండగా కబ్ స్కౌట్స్‌లో చేరాడు. వాళ్ళకి ఏటా పైన్‌వుడ్ డెర్బీ అని ఒక పందెం ఉంటుంది. 1953లో కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే ఆయన మొదలుపెట్టారు. ఒక పెట్టెలో ఒక పైన్ చెక్క దిమ్మ, నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఇస్తారు. పిల్లవాడు తండ్రితోనో తల్లితోనో కలిసి దాన్ని కారుగా చెక్కి, వాలుగా ఉన్న బాట మీద వదలాలి. బరువు 5 ఔన్సులు దాటకూడదు.

మావాడు పెన్సిలుతో ఒక బొమ్మ గీశాడు. అది కారులా లేదు, మొసలిలా ఉంది. వాడికి కావలసింది మొసలే. పందెం రేపనగా రాత్రి నేను గరాజులోకి వెళ్ళాను. కాస్త నున్నగా చేద్దామనే వెళ్ళాను. తీరా మొదలుపెట్టాక నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. బరువు వెనకవైపు ఉంటే వాలు మీద ఎక్కువ వేగం వస్తుంది కదా, సీసం వెనక పెట్టాను. ఇరుసులకి గ్రాఫైట్ పొడి వేశాను. మొసలి తోక గాలికి అడ్డమని కోసేశాను. ఒంటిగంటన్నర అయింది.

రెండో బహుమతి వచ్చింది. ఇంటికి రాగానే మావాడు ఆ ట్రోఫీ తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టాడు. "ఇట్స్ యువర్ కార్, డాడ్" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి పడుకోవడానికి వెళ్ళిపోయాడు. నాకు ఆ ఉలి పట్టుకున్న పెద్దాయన గుర్తొచ్చారు. ఆయన నాకు చేసింది నేను మావాడికి చేశాను. కాకపోతే ఆయన్ని నేను అడిగాను, నన్ను మావాడు అడగలేదు.

ఇక తెలుగు విషయానికి వస్తున్నాను. ఆదివారం ఉదయం ఇండియాకి ఫోను చేస్తాం. పిల్లవాడి చేతికి ఫోనిచ్చి వెనక నిలబడతాం. "బాగున్నావా అమ్మమ్మా అను. భోజనం చేశావా అను. పరీక్షలు బాగా రాశానని చెప్పు." మాట వాడిది కాదు, మనది. వాడు మన మాటకి లౌడ్‌స్పీకరు. పొరపాటున సొంతంగా "అమ్మ ఆఫీసుకి వెళ్ళాడు" అన్నాడా, ఇక్కడ మనం పకపకా నవ్వుతాం, అక్కడ వాళ్ళూ నవ్వుతారు. ఆ జోకు పది పాట్‌లక్‌లలో తిరుగుతుంది. నవ్వులో చెడు లేదు, నిజమే. కానీ తరగతిలో నేను చూస్తున్నాను. ఆరేళ్ళప్పుడు తప్పులతో గలగలా మాట్లాడిన పిల్లలు తొమ్మిదేళ్ళకి తప్పుల్లేకుండా నోరు మూసుకుంటున్నారు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. అర్థం కాక కాదు. వంకరగా వస్తుందేమోనని భయం. మనం వాళ్ళ మొసలి తోకలు కోసేశాం.

అందుకే, మాటలో తప్పు చేయనివ్వడం మనకి చేతకాకపోతే, చెక్కలో తప్పు చేయనివ్వడం నుంచి మొదలుపెడదాం అంటున్నాను. చెక్క నవ్వదు. తప్పుగా కోస్తే తప్పుగా కోశావని చూపిస్తుంది, అంతే.

మొదలుపెట్టే ముందు

సామాను పెద్దగా అక్కర్లేదు. చిన్న చేతిరంపం, సుత్తి, కొలత టేపు, మూలమట్టం, రెండు క్లాంపులు, ఒక డ్రిల్లు, గరుకు కాగితం 80, 120, 220 నంబర్లవి, కళ్ళకి అద్దాలు. పిల్లలకి జపాను రంపం సులువు. ఇక్కడి మామూలు రంపం తోసేటప్పుడు కోస్తుంది, అది లాగేటప్పుడు కోస్తుంది. లాగడం చిన్న చేతులకి తేలిక. అపార్ట్‌మెంటులో ఉండేవారికి బాల్కనీ చాలు. కొన్ని ఊళ్ళలో లైబ్రరీలు పుస్తకాలతో పాటు పనిముట్లు కూడా అరువిస్తాయి, అడిగి చూడండి.

చెక్క కొనేటప్పుడు ఒక సంగతి. ఇక్కడ టూ బై ఫోర్ అంటే రెండూ కాదు, నాలుగూ కాదు. ఆరబెట్టి నున్నగా చేశాక మిగిలేది ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర వెడల్పు. అలాగే ఒన్ బై సిక్స్ అంటే ముప్పావు అంగుళం మందం, అయిదున్నర వెడల్పు. ఇది తెలియక నా మొదటి లెక్కలన్నీ తప్పాయి. పలక చివర కంటి దగ్గర పెట్టుకుని పొడుగునా చూస్తే వంపు ఉంటే కనిపిస్తుంది. వంపున్నది వెనక్కి పెట్టేయండి. పురుగు పట్టకుండా మందు పట్టించిన పచ్చటి చెక్క పిల్లల పనికి వద్దు.

జాగ్రత్తలు మూడే చెబుతాను, మూడూ తప్పనివి. చెక్కని క్లాంపుతో బిగించాకే రంపం పెట్టాలి, చేత్తో పట్టుకుని కాదు. కరెంటు రంపాలు పిల్లలకి ఇవ్వకూడదు, చేతిరంపమే. ఇక మూడోది, లిన్సీడు నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విప్పి బయట పరిచి ఆరబెట్టాలి.

హోమ్ డిపోలో నెలలో మొదటి శనివారం పిల్లలకి ఉచితంగా చెక్కపని చేయిస్తారు. నారింజరంగు ఏప్రన్ ఇస్తారు. మంచిదే, తీసుకెళ్ళండి. కాకపోతే అక్కడ ముక్కలు ముందే కోసి ఉంటాయి. కొలవడం, కొయ్యడం, తప్పడం ఇంట్లోనే జరగాలి. మేము చేసిన వాటిలో మూడు చెబుతాను.

మొదటిది: మూడు పులులు, పదిహేను మేకలు

పులిజూదం మీలో చాలామంది అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే ఉంటారు. దానికి కావలసింది ఒక చదరపు పలక, ఒక గుండ్రటి కర్ర. ముప్పావు అంగుళం లావు డోవెల్ కర్ర మూడడుగులది దొరుకుతుంది. కర్రని బల్ల అంచుకి బిగించి, చివర నుంచి అర అంగుళానికి ఒక గుర్తు పెట్టుకుంటూ పద్దెనిమిది బిళ్ళలు కోయించండి. పలక మీద పై కొస నుంచి కిందికి నాలుగు గీతలు, వాటికి అడ్డంగా మూడు గీతలు, అటూ ఇటూ వాటి చివరలు కలుపుతూ రెండు నిలువు గీతలు. అడుగున గీత ఒకటి. మొత్తం 23 చోట్ల కూడళ్ళు వస్తాయి. లెక్కపెట్టించండి. పులులకి పసుపు రంగు వేస్తే ఆట తయారు.

ఇది మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు చేసింది. మొదటి మేక ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. నిలబెడితే పడిపోయేది. పదో మేక దగ్గర రంపం మాట వినడం మొదలుపెట్టింది. చివరికి కోసిన మూడు బిళ్ళలూ తిన్నగా వచ్చాయి, వాటినే పులులు చేసింది. "చూడు, ఎలా కోయాలో చెప్తాను" అని నేను ఒక్కసారి కూడా అనలేదు. అనకుండా ఉండడానికి నేను గరాజు ఊడ్చాను, రెండుసార్లు. పడిపోయే మేకకి మా ఇంట్లో పేరుంది, తాగుబోతు మేక. ఆటలో ముందు దాన్నే పులికి బలిస్తాం.

అమ్మాయికి రంపమెందుకు అని ఎవరైనా అంటే, ఆ మాట అబ్బాయికి గరిటెందుకు అన్న మాటకి తోబుట్టువని నా సమాధానం.

రెండోది: పిట్టగూడు

ఆరడుగుల ఒన్ బై సిక్స్ పలక ఒక్కటి చాలు. అడ్డంగా ఆరు ముక్కలు కొయ్యాలి, పొడుగునా చీల్చే పని లేదు. వెనక పలక 12 అంగుళాలు, ముందుది 8, పక్కవి రెండూ ఎనిమిదేసి, అడుగుది 4, పైకప్పు 9. పక్క పలకలు ముందు వెనక పలకల మధ్య నిలబడితే, వాటి నడుమ నాలుగు అంగుళాల ముక్క అడుగున సరిగ్గా కూర్చుంటుంది. అడుగున నీళ్ళు పోవడానికి నాలుగు చిన్న బెజ్జాలు. ఒక పక్క పలకని పైన రెండు మేకులే కొట్టి తలుపులా తెరుచుకునేలా చేస్తే, ఏడాదికోసారి లోపల శుభ్రం చేయవచ్చు. లోపల రంగు వెయ్యకండి. ముందు కూర్చోవడానికి పుల్ల పెట్టకండి, దాని వల్ల పిట్టకన్నా దాని శత్రువులకే లాభం.

ద్వారం కొలత ముఖ్యం. చిన్న రెన్ పిట్టకి అంగుళం మీద ఎనిమిదో వంతు చాలు. అంతకంటే పెద్దదైతే ఊరపిచ్చుకలు ఆక్రమిస్తాయి. నీలిపిట్టకి ఒకటిన్నర అంగుళం కావాలి, దానికి గూడు కూడా కాస్త పెద్దది చెయ్యాలి. పిట్ట వచ్చి గుడ్లు పెట్టాక గూడు కదపకూడదు. మన మనసే కాదు, ఈ దేశపు చట్టం కూడా ఒప్పుకోదు.

మేము పెట్టిన మొదటి ఏడాది ఎవరూ రాలేదు. పిల్లలు రోజూ కిటికీలోంచి చూసి చూసి విసిగిపోయారు. రెండో ఏడాది మే నెలలో ఒక రెన్ జంట పుల్లలు మోసింది. ఆ పిట్టకి మా కోత వంకరని తెలియదు.

మూడోది: పీట

ఇక మన పీట. అన్నం తినడానికి పీట, అక్షరాభ్యాసానికి పీట, పెళ్ళికి పీట. మొదటిది నేనే చేశాను. పదకొండుంబావు అంగుళాల వెడల్పున్న ఒకే పలక తీసుకుని, కింద రెండు కాళ్ళు అడ్డంగా పెట్టి మరమేకులతో గట్టిగా బిగించాను. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. జనవరిలో ఒక రాత్రి టప్ మని చప్పుడు. పొద్దున చూస్తే పీట నడుమ నిలువునా చీలి ఉంది.

కారణం తరవాత తెలిసింది. చెక్క బతికున్నట్టే ఉంటుంది. తేమకి ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుంటుంది. అదీ వెడల్పులో ఎక్కువ, పొడుగులో దాదాపు ఉండదు. చలికాలం మన ఇళ్ళలో హీటరు గాలికి పలక వెడల్పు తగ్గబోయింది. అడ్డంగా ఉన్న కాళ్ళు కదలనివ్వలేదు. ఎటూ పోలేక చీలింది. మనుషుల్లో కూడా ఇలాంటివి చూశాను, అది వేరే వ్యాసం.

మరుసటి వేసవిలో అమ్మా నాన్నగారూ ఆరు నెలలకి వచ్చారు. మీ ఇళ్ళకీ వస్తారు, మీకు తెలుసు. మొదటి నెల బాగుంటుంది. తరవాత నాన్నగారు కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే కార్లు లెక్కపెడుతుంటారు. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి. సాయంత్రం మనవడు వచ్చి "హాయ్ తాతయ్యా" అంటాడు, ఆయన "ఏరా, బాగా చదివావా" అంటారు. ఆ తరవాత ఇద్దరికీ మాటలుండవు.

ఓ శనివారం మావాడు గరాజులో పీట మొదలుపెట్టాడు. ఈసారి రెండు ఒన్ బై సిక్స్ పలకలు, పదహారు అంగుళాలవి, మధ్యలో పావు అంగుళం సందు. చెక్క కదలాలంటే కదలడానికి చోటు. కింద కాళ్ళకి టూ బై ఫోర్ ముక్కలు రెండు, పదకొండు అంగుళాలవి, పడుకోబెట్టి. నాన్నగారు కుర్చీ తెచ్చుకుని వచ్చి కూర్చున్నారు. కాసేపు చూశారు. "ఆ మూలమట్టం ఇలా పెట్టరా" అన్నారు. మావాడు తెల్లమొహం వేశాడు. ఆ మాట నాక్కూడా అప్పటికి ఇంగ్లీషులోనే తెలుసు. టేపు చేతిలోకి తీసుకుని అంగుళం మీద గీతలు చూపించారు. "ఇది అర. ఇది పావు. ఇది పరక. ఈ చిన్నది వీసం." సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. అమెరికా టేపు మీద ప్రతి గీతకీ తెలుగులో పేరుంది! ఇరవయ్యేళ్ళుగా ఈ టేపు వాడుతున్నాను, నాకు తెలియదు. రెన్ పిట్ట ద్వారం అంగుళం మీద పరక అన్నమాట.

తరవాత మేకు వంతు. మావాడు గట్టిగా ఒక్కటిచ్చాడు. "తాతయ్యా, మేకు వంగిపోయాడు!" అన్నాడు.

నేను నోరు తెరిచాను, వంగిపోయాడు కాదు వంగిపోయింది అనడానికి. నాన్నగారు నాకన్నా ముందే అన్నారు: "వాణ్ణి పీకేసి ఇంకోణ్ణి కొట్టు."

మావాడు పడీపడీ నవ్వాడు. ఆ సాయంత్రమంతా గరాజులో మేకులన్నీ మగవాళ్ళే. "వీడు మంచివాడు తాతయ్యా, తిన్నగా దిగాడు." "వాడు మొండివాడురా, తలమీద కొట్టు." రెండు గంటలు. తెలుగులో. నేను ఒక్క వాక్యం కూడా అందించలేదు. ఆ తరవాత వాడికి వంగిపోయింది అన్నది దానంతట అదే వచ్చింది. ఎప్పుడొచ్చిందో నేను గమనించలేదు.

ఆఖరున నాన్నగారు కాళ్ళ చెక్కలకి చిత్రిక పట్టడం చూపించారు. ఉంగరాలు లేచాయి. మావాడికి పీట సంగతి గుర్తులేదు, ఉంగరాలే కావాలి. ఎడమ కాలుకి ఒక చివర పట్టిందే పట్టి పల్చన చేసేశాడు. పీట బిగించాక ఊగింది. సరిచేద్దామని నేను చెయ్యి చాచాను.

"వదిలెయ్యరా. ఊగితే ఊగింది, వాడి పీట" అన్నారు నాన్నగారు.

రాత్రి భోజనాలయ్యాక అడిగాను, ఈ పేర్లన్నీ మీకెలా తెలుసని. "చిన్నప్పుడు నేనూ వాళ్ళ పాక దగ్గరే కూర్చునేవాణ్ణిగా" అన్నారు. "మా నాన్న చూసి లాక్కొచ్చేదాకా." ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

టైమెక్కడిది అనేవారికి

టైము లేదంటారు. సాకర్, మ్యూజిక్, మ్యాథ్స్ క్లాసు, పైన మన తెలుగు బడి. ఒప్పుకుంటాను. పీటకి రెండు శనివారం సాయంత్రాలు పట్టాయి. కొంటే ఇంతకన్నా చవగ్గా, నున్నగా దొరుకుతుంది కదా అంటారు. అదీ నిజమే. మా పీటకి చెక్క, మరమేకులు, వంగిన మేకులు, చీలిన మొదటి పీట కలిపి లెక్కేస్తే ఇండియా నుంచి విమానంలో తెప్పించుకోవచ్చు. కానీ కొన్న పీట మీద కూర్చున్నవాళ్ళెవరూ దాని గురించి మాట్లాడరు.

పిల్లలూ, ఈ పేజీ అమ్మో నాన్నో చదివి వినిపిస్తుంటే, ఇది మీకు. మీ చేతిలోంచి రంపం ఎవరైనా లాక్కోబోతే, "నేను చేస్తాను" అనండి. తెలుగులోనే అనండి. తప్పొచ్చినా పరవాలేదు.

బడి కమిటీకి నా మనవి ఒకటే. ఏటా విజయదశమికి మనం చిన్నపిల్లలకి అక్షరాభ్యాసం చేయిస్తాం. వచ్చే విజయదశమికి ఆ చిన్నవాళ్ళు కూర్చునే పీటలు మన పెద్ద తరగతుల పిల్లలు చేయాలి. ఇంటికొకటి. రెండు పలకలు, రెండు కాళ్ళు, ఎనిమిది మరమేకులు. తెలుగులో చెక్కనీ పలక అంటాం, అక్షరాలు దిద్దేదాన్నీ పలక అంటాం. ఒకటి చేసినవాడి పక్కనే ఇంకొకడు ఇంకోదాని మీద రాస్తాడు. చెక్క, పనిముట్లు నేను తెస్తాను. ఎవరికి వీలుంటే వాళ్ళు ఆగస్టులో రెండు శనివారాలు మా గరాజుకి రండి. తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చి ఉంటే తప్పకుండా తీసుకురండి, కుర్చీలున్నాయి.

తల్లిదండ్రులకి మాత్రం ఒక నియమం. చేతులు జేబులో పెట్టుకోవాలి. ఎవరి పీట ఊగినా సరిచేయకూడదు. మరీ చెయ్యి ఊరుకోకపోతే చీపురు ఇస్తాను. గరాజు ఎప్పుడూ ఊడ్చే పని ఉంటుంది.